నాన్నగారి రెండో కంటి ఆపరేషన్: కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) ఎండిపోకుండా ఏం చేయించాలి?

మాది గుంటూరు బ్రాడీపేట. నాన్నగారికి 68 ఏళ్లు, షుగర్ ఉంది. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో గుమస్తాగా చేశారు. ఆ ఘాటు, దుమ్ము వల్లేనేమో, కళ్లు ఎప్పుడూ పొడిబారి మండుతుంటాయి.

పోయినేడు ఎడమ కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. చూపు బాగానే వచ్చింది. కానీ రెండు నెలలు కంట్లో ఇసుక పోసినట్టు గరగర, నీరు కారడం, వెలుతురు చూడలేకపోవడం. రాత్రిళ్లు లేచి కూర్చునేవారు. ఆయన్నలా చూడలేకపోయాను. కార్నియా పైపొర దెబ్బతిందని తర్వాత ఇంకో డాక్టర్ గారు చెప్పారు.

వచ్చే నెల కుడి కంటికి ఫేకో (చిన్న కోతతో చేసే శుక్లం ఆపరేషన్). నాకు అర్థమైనంత వరకు, మత్తు చుక్కలు వేశాక క్లిప్పుతో రెప్పలు తెరిచి ఉంచుతారు, పైన మైక్రోస్కోప్ లైటు, కన్ను ఆర్పే వీలుండదు. అందుకే సహాయకులు మాటిమాటికీ సెలైన్ లాంటి ద్రావణం చుక్కలు వేస్తుంటారు. కొందరు సర్జన్లు 2 శాతం హెచ్‌పీఎంసీ అనే చిక్కటి జెల్ కార్నియా మీద పూస్తారట. తడి ఎక్కువసేపు నిలుస్తుంది, వాళ్లకు లోపల స్పష్టంగా కనిపిస్తుంది కూడా.

ఆ జెల్ వాడమని మనం అడగొచ్చా? డాక్టర్ గారు నొచ్చుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది. పొడి కన్నుంటే లోపల పెట్టే లెన్స్ పవర్ కొలత కూడా తప్పొచ్చు కాబట్టి, ఆ కొలతకు ముందు మీరు ఎన్ని వారాలు ప్రిజర్వేటివ్ (నిల్వ ఉంచే మందు) లేని, కంటిని తడిగా ఉంచే చుక్కలు వాడించారు? మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగుంటే దయచేసి చెప్పండి. విజయవాడ వెళ్లి షిర్మర్ టెస్ట్ (కన్నీరు ఎంత ఊరుతుందో చూసే పరీక్ష) చేయించమన్నా తీసుకెళ్తాను.