క్లిప్పులు బిగిస్తే పంటి వేర్లు అరిగిపోతాయా?

కోనసీమ అమ్మ:
మాది అమలాపురం దగ్గర. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, ఎత్తుపళ్ళని ఏడు నెలల కిందట క్లిప్పులు వేయించాం. మొన్న తీగ మార్చిన రాత్రి నుంచి పైన ముందు పళ్ళు రెండూ వేలితో తోస్తే కాస్త కదులుతున్నాయి, అన్నం మెత్తగా పిసికి పెడితేనే తింది. పక్కింటి పిన్నిగారేమో వేర్లు అరిగిపోయి ముప్పై ఏళ్ళకే పళ్ళు రాలతాయని టెన్షన్ పెట్టేశారు. డాక్టరుగారిని అడిగితే "ఏం కాదమ్మా" అని తర్వాతి పేషెంటుని పిలిచేశారు. అసలు ఆ తీగ లోపల వేరుని ఏం చేస్తుందండీ?

భీమవరం కుర్రాడు:
ఆయ్, కదలకపోతే పన్నెలా జరుగుతుందండీ! నాకూ క్లిప్పులు రెండేళ్ళున్నాయి. బిగించిన సాయంత్రం నొప్పి మొదలయ్యేది, మర్నాటికి జంతిక సంగతి దేవుడెరుగు, ఇడ్లీ కూడా కొరకలేకపోయేవాణ్ణి. నాలుగో రోజుకి మామూలే.

పళ్ళ డాక్టరు:
పన్ను ఎముకలో మేకులా దిగ్గొట్టి ఉండదండీ. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల పీచు పొర ఉంటుంది, పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. తీగ లాగితే ఒకవైపు ఆ పొర నలుగుతుంది, రెండోవైపు సాగుతుంది. నలిగినవైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి, సాగినవైపు కొత్త ఎముక పడుతుంది. గోదారి ఒక పక్క లంకని కోసుకుపోతూ ఇంకో పక్క మేట వేస్తుంది చూడండి, అలాగన్నమాట. నెలకి 1 మిల్లీమీటరు జరిగితే బాగా జరిగినట్టే.

గట్టిగా లాగితే తొందరగా జరుగుతుందనుకుంటారు గానీ, ఆ పొరలోని సన్నటి రక్తనాళాలు నొక్కుకుపోయి అక్కడి కణాలు చచ్చిపోతాయి, పన్ను మొరాయిస్తుంది, పైగా ఆ చచ్చిన భాగాన్ని శుభ్రం చేసే కణాలే వేరు పైపొరనీ గీకేస్తాయి. అందుకే 1932లోనే ష్వార్జ్ అనే పళ్ళ డాక్టరు, వేరు మీద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకి 20-26 గ్రాములు దాటకూడదన్నాడు. ఇప్పుడు మొదట్లో మెత్తటి నికెల్ టైటానియం తీగ వేసేదీ అందుకే. వేరు మీద చిన్న గుంటలు పడితే వాటంతటవే పూడతాయి. కొస పొట్టిబడితే మాత్రం తిరిగి పెరగదు. కొద్దిగా పొట్టిబడటం చాలామందిలో ఉంటుంది, దాంతో పళ్ళు ఊడవు. బాగా అరిగేది కొద్దిమందికే.

చెరువుల బాబాయ్:
చెరువు గట్టున రాట పై కొసకి తాడు కట్టి లాగితే తల ఇటొస్తుంది, మట్టిలో మొన అటు తన్నుతుంది. పన్నూ ఇంతేనా డాక్టరుగారూ?

పళ్ళ డాక్టరు:
అచ్చం అంతే బాబాయ్‌గారూ! అలా ఒక పంటిని ఒరిగించడానికి మొత్తం 35-60 గ్రాముల లాగుడు చాలు. ఒరగకుండా నిలువునా మొత్తం జరపాలంటే 70-120. అదే పంటిని లోపలికి దించాలంటే 10-20 మించనివ్వం, ఒత్తిడంతా సన్నటి వేరు కొస మీదే పడుతుంది గనక.

అమ్మగారూ, ఏడు నెలలైంది కాబట్టి ముందు పళ్ళకి ఒక ఎక్స్‌రే తీయమనండి, ఎక్కువగా అరిగేవి ఆ పైవే. కొస అరిగినట్టు కనిపిస్తే రెండు మూడు నెలలు తీగ లాగుడు ఆపి చూస్తారు. కదలడం రోజురోజుకీ పెరుగుతుంటే మాత్రం ఆగకుండా వెళ్ళండి.

కోనసీమ అమ్మ:
హమ్మయ్య. సోమవారం వెళ్ళి ఎక్స్‌రే అడుగుతాను. పూతరేకులు మెత్తగానే ఉంటాయి కదా తినొచ్చా అని వెనక నుంచి మా అమ్మాయి అడుగుతోంది.

భీమవరం కుర్రాడు:
పూతరేకు పర్లేదు చెల్లీ, తిన్నాక బ్రష్ చెయ్యి. కాజా జోలికి మాత్రం పోకు, నాకు పంటికి అంటించిన బ్రాకెట్ ఊడొచ్చింది దానివల్లే.