అప్‌డేట్: మోవర్ డెక్ గరగర తగ్గింది, స్పిండిల్ బేరింగులు మార్చేశాను

ఒహాయోలో మా పాత రైడింగ్ మోవర్ (కూర్చుని నడిపే గడ్డి కోసే బండి) బ్లేడ్లు ఆన్ చేయగానే డెక్ (బ్లేడ్లుండే కింది పెట్టె) కింద గరగరమంటోంది, బేరింగులా బెల్టా అని అడిగాను కదా. బేరింగులే. స్పార్క్ ప్లగ్ వైరు పీకి, బెల్టు తీసి, పుల్లీలు ఒక్కొక్కటీ చేత్తో తిప్పితే ఎడమ పక్కది లోపల ఇసుక పోసినట్టు కరకరలాడింది. బ్లేడు చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపితే కదులుతోంది కూడా.

మొత్తం స్పిండిలే (బ్లేడును తిప్పే ఇరుసు, గూడుతో సహా) కొనమని కొందరన్నారు. హౌసింగ్ (బేరింగులు కూర్చునే గూడు) బాగానే ఉంది, ఎందుకు దండగ? పాత బేరింగు సీలు (పక్కనుండే మూత) మీద 6203 అని కనిపించింది. అంతమాత్రాన ఆర్డర్ పెట్టేయకండి: అదే నంబరుతో లోపలి రంధ్రం 17 మి.మీ. ఉన్నవీ దొరుకుతాయి, 5/8 అంగుళం ఉన్నవీ దొరుకుతాయి. షాఫ్ట్ కొలిచాకే తెప్పించాను.

కొత్తవి రాత్రంతా ఫ్రీజర్లో పెట్టి (మా ఆవిడ చూసిన చూపు వేరే కథ), హౌసింగ్‌ను హీట్ గన్‌తో వేడి చేస్తే వాటిని లోపల కూర్చోబెట్టే పని సగం అయిపోయింది. మిగతాది బయటి రింగు మీద ఆనే సాకెట్ పెట్టి సుత్తితో మెల్లగా కానిచ్చాను. లోపలి రింగు మీద కొడితే కొత్త బేరింగూ పాడవుతుంది. రెండు బేరింగుల మధ్య స్పేసర్ (వాటిని ఎడంగా ఉంచే గొట్టం) తప్పనిసరి. అది లేకుండా నట్టు బిగిస్తే లోపలి రింగులు దగ్గరికి లాగేసుకుని బేరింగులు పట్టేస్తాయి.

గ్రీజు నిపుల్ (గ్రీజు ఎక్కించే మూతి) ఉన్న హౌసింగ్ కాబట్టి లోపలి వైపు సీళ్లు తీసేయమన్న సలహా పాటించాను, లేకపోతే గ్రీజు బాల్స్ దాకా చేరదు. గరగర పోయింది. ఐడ్లర్ పుల్లీ (బెల్టును బిగువుగా ఉంచేది) మాత్రం సన్నగా కీచుమంటోంది, దాని సంగతి వచ్చే వారం చూడాలి.