పాత గౌనుకు కత్తెర వేయొచ్చా?

మల్లెమొగ్గ: 1950ల నాటి కాటన్ గౌను ఒకటి చేతికొచ్చింది. నడుము బిగుతు, కింద బోలెడు కుచ్చిళ్ల ఘేరా. నాకు నడుము దగ్గర రెండంగుళాలు చాలట్లేదు, పొడవేమో పిక్కల దాకా ఉంది. కింద కోసేసి, ఆ గుడ్డే పక్కల్లో ముక్కలేసి, పైన డెనిమ్ జాకెట్ తొడుక్కుందామని ఆలోచన. ఇంట్లో వాళ్లు విని గుండె బాదుకుంటున్నారు. మీరేమంటారు?

గుండుసూది: వద్దండీ. ఆ ఘేరాకో కథ ఉంది. 1947 ఫిబ్రవరిలో పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ చూపించిన 'న్యూ లుక్' వరస అది. రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అని అప్పటికి గుడ్డకు కటకట. బ్రిటన్‌లో 1941లో పెట్టిన బట్టల రేషన్ 1949 దాకా ఎత్తలేదు. అలాంటి రోజుల్లో గజాలకు గజాలు గుమ్మరించి లంగా కుడితే కొందరు మురిసిపోయారు, కొందరు దుమ్మెత్తిపోశారు. ఆ పొడవు కాస్తా కోసేస్తే మిగిలేది మామూలు పొట్టి గౌను. దానికి ఇదే కావాలా?

కత్తెరరాణి: రేషన్ మాట మీరే ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. అదే బ్రిటన్‌లో 'మేక్ డూ అండ్ మెండ్' అని ఊదరగొట్టి, పాతవి విప్పి కొత్తవి కుట్టుకోమన్నది ప్రభుత్వమే కదా? మగవాళ్ల సూట్లు ఆడవాళ్ల సూట్లయ్యాయి. కోయడం పాపమైతే ఆ తరమంతా పాపాత్ములే. బీరువాలో పురుగులు తినే కంటే ఒంటి మీద చిరగడం నయం.

గుండుసూది: వాళ్లు గుడ్డ దొరక్క కోశారు. ఈవిడకేం కరువు?

చేతికుట్టు: ఇద్దరూ కాస్త ఆగండి. మల్లెమొగ్గ గారూ, ముందు గౌను తిరగేయండి. పక్క కుట్లలో గుడ్డ ఎంత వదిలారో చూడండి. రెండు పక్కలా, ముందూ వెనకా అరంగుళం చొప్పున వదిలితే మీ రెండంగుళాలు వచ్చేసినట్టే. చంకల దగ్గర వెలుతురుకు పెట్టి చూడండి. చెమటకు గుడ్డ పలచబడి ఉంటే మీరేం కుట్టినా అక్కడే పిగులుతుంది. పొడవంటారా, కుచ్చిళ్ల లంగా అయితే లోపలికి మడిచి చేత్తో కుట్టేయొచ్చు. గుండ్రంగా కోసిన ఘేరా అయితే మాత్రం మడత ముడతలు పడి అసహ్యంగా ఉంటుంది, నేను ఓసారి పాడుచేశాను. అంతగా పొట్టిది కావాలంటే దీని ఆది కాగితం మీద తీసి కొత్త గుడ్డలో కుట్టించుకోండి.

కత్తెరరాణి: జాకెట్ ఆలోచన మాత్రం మానకండి. తల నుంచి కాళ్ల దాకా ఆనాటివే వేస్తే నాటకంలో వేషంలా ఉంటుంది.

గుండుసూది: ఇదొక్కటీ ఒప్పుకుంటా.

మల్లెమొగ్గ: తిరగేశాను. చంకలు గట్టిగానే ఉన్నాయి. పక్క కుట్లు రెండూ వేరే రంగు దారంతో ఉన్నాయి, వాటికి అరంగుళం అవతల పాత సూది చిల్లుల వరస. నాకంటే ముందే ఎవరో బిగించుకున్నారన్నమాట!

గుండుసూది: అయితే విప్పండి. కత్తెర మాత్రం దారానికే.