విల్లు "ఎక్కుపెట్టడం" అంటే గురిపెట్టడమేనా?

ప్రశ్న: "ఎక్కుపెట్టాడు" అంటే గురిచూశాడనే వాడుతున్నాం, తుపాకీకి కూడా. మరి రాముడు శివధనుస్సు ఎక్కుపెట్టాడంటారు. అక్కడ బాణమే లేదు కదండీ?

జవాబు: బాణంతో పని లేదు. ఒక కొనకు కట్టి ఉన్న నారిని (వింటి తాడును), విల్లు వంచి రెండో కొనకు తగిలించడమే ఎక్కుపెట్టడం. ఎక్కిడడం అన్నా అదే, సంస్కృతంలో ఆరోపణం. వాల్మీకి రెండు పనులూ విడిగానే చెప్పాడు: రాముడు మౌర్విని, అంటే నారిని, ఆరోపించాడు, ఆపైన పూరించాడు, అంటే లాగాడు. విల్లు విరిగింది లాగినప్పుడు. బాణాన్ని నారికి కూర్చడం సంధించడం. గురి ఆ తరవాతి సంగతి.

ఇంకొకరు: విల్లు చెక్కేవాళ్లకు ఈ తేడా చాలా ముఖ్యం. కర్ర చెక్కగానే ఎక్కుపెడితే విరిగేది ఖాయం. ముందు వింటికన్నా పొడుగైన తాడును రెండు కొనలకూ వదులుగా తగిలించి, పిడిని (చేత్తో పట్టుకునే నడిమి భాగాన్ని) దిమ్మె మీద ఆనించి, తాడును కొద్దికొద్దిగా కిందికి లాగుతూ వంపు చూడాలి. ఒక్కో విడతకు 2, 3 సెం.మీ. మించొద్దు. బిర్రుగా ఉన్నచోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి అక్కడే గీకాలి. మడత పడ్డట్టు ఒకేచోట ఎక్కువ వంగుతుంటే దాని జోలికి పోకుండా, అటూ ఇటూ గీకి వంపును పంచాలి. గీకిన ప్రతిసారీ 20, 30 సార్లు లాగి, మెల్లగా దించాలి. అప్పుడుగానీ ఆ గీకుడు ఫలితం వంపులో కనపడదు. తొందరపడి మళ్లీ గీకారా, విల్లు బలం తగ్గిపోతుంది, తిరిగి రాదు.

గీకేది కడుపు వైపే, అంటే విలుకాడి వైపు. అవతలి వైపు వీపు. వీపు మీద చెట్టు వలయం (ఏటేటా పెరిగే పొర) ఒకటే ఈ కొన నుంచి ఆ కొన దాకా తెగకుండా ఉండాలి. వంచినప్పుడు సాగేది వీపే కాబట్టి, పనిముట్టు జారి వలయం తెగితే సరిగ్గా అక్కడే పేడు లేస్తుంది.

రెండు సగాలూ ఒక్కలా వంగాకే అసలు నారి. అది వింటికన్నా 7, 8 సెం.మీ. పొట్టిగా ఉంటే, ఎక్కుపెట్టాక పిడికీ నారికీ మధ్య 15 సెం.మీ. దరిదాపుల్లో ఎడం వస్తుంది. చాలకపోతే మెలి పెట్టి బిగించండి. ఎడం తక్కువైతే నారి ముంజేతిని కొడుతుంది. అమరకోశమనే సంస్కృత నిఘంటువులో "గోధా తలే జ్యాఘాతవారణే" అన్నది ఈ దెబ్బ కాచే తోలుపట్టీ గురించే.

అడిగినవారు: దీనికి వ్యతిరేక పదం ఉందా?

జవాబు: ఎక్కుడించడం, అంటే తగిలించిన నారిని దించడం. నిఘంటువుల్లో ఉంది, నోళ్లలో లేదు. పని అయ్యాక ఎక్కుడించకపోతే కర్ర ఆ వంపుకే అలవాటుపడి, నారి తీసినా నిటారుగా రాదు, బాణం వేగం పడిపోతుంది. పచ్చి కర్రకైతే ఈ జబ్బు మరీ తొందరగా వస్తుంది. చెక్కేముందు తేమ 8–10 శాతానికి దిగాలి. ఆరబెట్టేటప్పుడు రెండు చివరలకూ మైనమో జిగురో పూయకపోతే బీటలిస్తాయి.

మరొకరు: వాల్మీకి శ్లోకంలో శివధనుస్సు "ధనుర్మధ్యే", అంటే నడుమ, విరిగిందని ఉంది. అమరం ప్రకారం వింటి నడుమ పేరు లస్తకం, అంటే పిడి. మామూలు చెక్కవిల్లు అక్కడ విరగడం అరుదు, మందం ఎక్కువ ఉండేది అక్కడే. పిడి సన్నబడుతూ పక్కభాగంలో కలిసేచోట, లేదా ముడి ఉన్నచోట పోతుంది. కవి మాటకు వడ్రంగి లెక్కలు కట్టకూడదనుకోండి!

అడిగినవారు: అయితే "బాణం ఎక్కుపెట్టాడు" అని రాస్తే తప్పా?

జవాబు: వాడుకలో పాతుకుపోయింది, తప్పని కొట్టేయలేం. పద్యానికి తాత్పర్యం రాసేటప్పుడు మాత్రం వింటికి ఎక్కుపెట్టడం, బాణానికి సంధించడం అని వేరుచేయండి. లేకపోతే స్వయంవర ఘట్టంలో అర్థం దారి తప్పుతుంది.

ఇంకొకరు: నారి మీటి టంకారం చేయడం వరకు పరవాలేదు. బాణం లేకుండా పూర్తిగా లాగి వదిలేయొద్దు. బాణంలోకి పోవాల్సిన శక్తి అంతా కర్రలోకే తిరిగొచ్చి, మంచి విల్లయినా పగలొచ్చు.