నేను తిట్టిన పిల్లాడు ఆటకు రావడం మానేశాడు, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లె. డిగ్రీ చదువుతూ ఏడాదిగా సాయంత్రాలు కాలువ గట్టు పక్కన ఖాళీ స్థలంలో ఊరి పిల్లలకు కబడ్డీ నేర్పిస్తున్నాను. డబ్బులేమీ తీసుకోను.

మొదట్లో నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగిలేది కాదు. ఇప్పుడు ఇరవై మందిని రెండు జట్లుగా విడదీసి, రిఫరీగా నిలబడి, గొడవ వస్తే నేనే తీరుస్తున్నాను. ఈ ధైర్యం పిల్లలు ఇచ్చిందే.

కానీ సంక్రాంతి పోటీల్లో పెద్ద తప్పు చేశాను. ఏడో తరగతి పిల్లాడు కూతకు వెళ్లి, 30 సెకన్లు అయిపోతున్నా గీత దాటి వెనక్కి రాలేక అవుటయ్యాడు. రెండు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. టెన్షన్‌లో వాడిని అందరి ముందూ గట్టిగా తిట్టాను. అప్పటి నుంచి వాడు రావడం లేదు. వాళ్ల నాన్న కొబ్బరి దింపు పనికి వెళ్తారు. ఇంటికి వెళితే, "వాడికి ఇష్టం లేదంట బాబూ" అన్నారు.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచాడని వీళ్లకు నేనే చెప్పేవాడిని. అలాంటి ఆశ పెట్టి నేనే విరిచేశాను.

పిల్లలకు ఆటలు నేర్పిన అన్నలూ, అక్కలూ, వాడికి ఒంటరిగా క్షమాపణ చెప్పాలా, తిట్టింది అందరి ముందు కాబట్టి అక్కడే చెప్పాలా? ఓడినప్పుడు మీరు కోపాన్ని ఎలా ఆపుకుంటారు?