సార్త్ర్ చెప్పే ఫ్రీడమ్ నాకు ఎక్కట్లేదు, ఎవరైనా కాస్త చెప్తారా?

గోదారిగట్టు:
ఈమధ్య ఎగ్జిస్టెన్షియలిజం (తెలుగులో అస్తిత్వవాదం, మనిషి తానేంటో తన ఎంపికలతో తనే తయారుచేసుకుంటాడనే తత్వం) వీడియోలు తెగ చూస్తున్నా. ప్రతివాడూ "మనిషికి స్వేచ్ఛ ఒక శిక్ష" అన్నాడు ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ అని మొదలెట్టి పది నిమిషాల్లో లైక్ కొట్టమని వెళ్ళిపోతాడు. నా సంగతి చూడండి, ఇంటర్‌లో ఎంపీసీ నేను తీసుకోలా, నాన్న తీసుకున్నారు, అప్లికేషన్ మీద సంతకం తప్ప మిగతాదంతా ఆయన చేతిరాతే. బీటెక్కూ అంతే. ఇప్పుడు నచ్చని జాబ్. ఇందులో నేను ఫ్రీ ఎక్కడ? ఇంకోటి, తెలుగులో అస్తిత్వవాదం అని వెతికితే దళిత, తెలంగాణ ఉద్యమాల వ్యాసాలు వస్తున్నాయేంటి?

పాతపుస్తకాలోడు:
రెండోది ముందు. మనవాళ్ళు ఒకే మాటని రెండిటికీ వాడేస్తున్నారు, అక్కడ అస్తిత్వం అంటే ఐడెంటిటీ, మీరడిగేదాంట్లో ఉనికి. వేరువేరు.

ఇక సార్త్ర్. 1945 అక్టోబర్‌లో, యుద్ధం అయిపోయిన కొన్ని నెలలకే, పారిస్‌లో ఒక లెక్చర్ ఇచ్చాడు. అందులో తన దగ్గరికొచ్చిన ఒక స్టూడెంట్ గురించి చెప్తాడు. 1940 జర్మన్ దాడిలో ఆ కుర్రాడి అన్న చనిపోయాడు, తండ్రి జర్మన్ల వైపు మొగ్గుతున్నాడు, తల్లికి ఇక మిగిలింది వీడొక్కడే. ఇంగ్లండ్ పారిపోయి జర్మన్లతో పోరాడే ఫ్రీ ఫ్రెంచ్ సైన్యంలో చేరాలా, అమ్మ దగ్గర ఉండాలా? చర్చి చెప్పే నీతి గానీ, మనిషిని పనిముట్టులా వాడొద్దన్న తత్వవేత్త కాంట్ సూత్రం గానీ వాడికి పనికిరాలేదు. సార్త్ర్ ఏం చెప్పాడంటే, నువ్వు ఫ్రీ, నువ్వే తేల్చుకో అన్నాడంతే! నాకైతే మొదటిసారి చదివినప్పుడు ఒళ్ళు మండింది, సలహాకొస్తే ఇదా చెప్పేది అని. కానీ ఆయన పాయింట్ వేరే, ఎవర్ని సలహా అడగాలో ఎంచుకున్నప్పుడే సగం నిర్ణయం అయిపోయింది అంటాడు, చర్చి ఫాదర్ దగ్గరికెళ్ళినా ఏ ఫాదర్ దగ్గరికి, జర్మన్లని సమర్థించేవాడా ఎదిరించేవాడా అన్నది నీ చాయిసే కదా. అంటే ఫ్రీడమ్ అంటే ఇష్టమొచ్చినట్టు తిరగడం కాదండీ, నెపం వేరేవాళ్ళ మీద తోసే దారి లేకపోవడం. "సంతకం తప్ప" అన్నారు చూడండి, సార్త్ర్ పట్టుకునేది అక్కడే.

వంటింటితత్వం:
పదహారేళ్ళ పిల్లాడి సంతకం కూడా వదలరా 😀

నాకు మాత్రం ఇది మగవాళ్ళ ఫిలాసఫీలా అనిపించేది. సార్త్ర్ సహచరి, రచయిత్రి సిమోన్ ద బోవా కూడా 1940లో ఇదే అడిగింది, అంతఃపురంలో బందీగా ఉన్న ఆడదానికి ఏం స్వేచ్ఛ ఉంటుందయ్యా అని. తర్వాత 1949లో ఆడవాళ్ళ మీద అంత లావు పుస్తకం రాసింది, పరిస్థితి ఎంత బిగుతుగా పట్టుకుంటుందో చూపించడానికే. సార్త్ర్ కూడా దిగొచ్చాడు, 1969లో ఒక ఇంటర్వ్యూలో, ఎలాంటి పరిస్థితిలో అయినా మనిషి ఫ్రీ అని రాసింది ఇప్పుడు చూస్తే నిజంగా ఇది నమ్మానా అనిపిస్తోంది అని ఆయనే ఒప్పుకున్నాడు. పూర్తిగా మాత్రం వదల్లేదు, మనల్ని ఎలా తయారుచేసినా దాంతో మనం ఎంతోకొంత చేసుకోగలం అన్నదాని దగ్గర ఆగాడు. మీ నాన్నగారి విషయంలో నాకు ఈ ముసలి సార్త్రే నచ్చుతాడు.

తిక్కశంకరయ్య:
మా అమ్మ దీన్నే కర్మ అంటుంది బ్రో, కొత్తేముంది

పాతపుస్తకాలోడు:
@తిక్కశంకరయ్య కర్మలో పోయిన జన్మ ఖాతా ఒకటుంటుంది సార్, సార్త్ర్‌కి దేవుడూ లేడు, పోయిన జన్మా లేదు, తలరాత మీద తోసేస్తే దాన్ని ఆత్మవంచన అంటాడు.

గోదారిగట్టు:
థ్యాంక్స్ అందరికీ. ఆ సలహాదారు పాయింట్ దగ్గర దొరికిపోయా. మా బావ నేను చేసే ఫీల్డే, పక్క వీధిలోనే ఉంటాడు, అడగలేదు. ఈఎంఐలు అయ్యేదాకా కదలకు అంటాడని తెలుసు. ఇక్కడికొచ్చి అడిగా. లెక్చర్ ఇంగ్లిష్‌లో దొరికింది, చిన్నదే, ఆదివారం కూర్చుంటా.

వంటింటితత్వం:
బావని కూడా అడగండి, ఈఎంఐ కట్టేది మేం కాదు 😄