పూడ్చేశాక ఎవరూ చూడని పని: సెప్టిక్ ట్యాంకు పని ఎలా నేర్చుకోవాలి?

కొత్త పార:

అందరికీ నమస్కారం. సెప్టిక్ ట్యాంకులు కట్టే మేస్త్రీ దగ్గర చేరి ఏడు నెలలైంది. ఇప్పటిదాకా నా చేతికి వచ్చింది పార, తట్ట మాత్రమే. తవ్వమంటే తవ్వుతా, పూడ్చమంటే పూడుస్తా. పైపులు పెట్టేటప్పుడు పక్కన నిలబడి చూస్తుంటే "అక్కడేమైనా సినిమా ఆడుతోందా, ఇసుక తే" అంటాడు. మనిషి చెడ్డవాడు కాదు, చెప్పడం రాదంతే. లేకపోతే నేర్చుకుని వేరు కుంపటి పెడతానని అనుమానమేమో.

పోయిన వారం సంగతి చెబుతాను. నాలుగు నెలల కిందట మేం పని పూర్తి చేసిన ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. బాత్రూంలో నీళ్లు పోవట్లేదు, ఒకటే వాసన. వెళ్లి తవ్వాం. ఇంటి నుంచి వచ్చే పైపు, ట్యాంకు గోడలోకి దూరే చోటికి మూరెడు ముందు కుంగిపోయి ఉంది. ఆ వంపులో అంతా పేరుకుపోయింది. కారణం కోసం వెతకక్కర్లేదు. ట్యాంకు కోసం వెడల్పుగా తవ్విన గుంతను వదులు మట్టితో నింపి, దాని మీదే పైపు వేశాం. వానలకు మట్టి దిగింది, మట్టితోపాటు పైపూ దిగింది. ట్యాంకు మాత్రం కదల్లేదు కాబట్టి గోడ దగ్గర పైపు పగిలింది. ఆ మట్టి పోసింది నేనే. దిమ్మిస కొట్టలేదు, కొట్టమని ఎవరూ చెప్పలేదు. ఇంటావిడ ఒక్క మాట అనలేదు. కుర్చీ వేసుకుని, మేం తవ్వుతున్నంతసేపూ చూస్తూ కూర్చుంది. తిట్టినా బాగుండేది.

అప్పట్నుంచి టెన్షన్ పట్టుకుంది, నేను పూడ్చిన మిగతావాటి కింద ఏం జరుగుతోందో అని. పని తెలిసినవాళ్లు చెప్పండి. మొదట ఏం నేర్చుకోవాలి? పైపు వాలు ఎంత ఉండాలి? మా మేస్త్రీ కంటితోనే చూసేస్తాడు. ట్యాంకు నుంచి పోయే నీళ్లు మట్టిలోకి ఇంకే ఇంకుడు గుంత ఎంత పెద్దది తవ్వాలో ఎలా తేలుస్తారు?

గుంతల మేస్త్రీ:

తమ్ముడూ, నాది ఇరవై రెండేళ్లుగా ఇదే పని. వాలు గురించి చెబుతాను గానీ, ముందు ట్యాంకులో ఏం జరుగుతుందో బుర్రకెక్కించుకో. అది తెలిస్తే కొలతలు బట్టీ పట్టక్కర్లేదు.

బురద నీళ్లు బకెట్లో పట్టి కదపకుండా పెట్టు. బరువైనది అడుక్కి చేరుతుంది, తేలికైనది పైన తేలుతుంది, మధ్యలో తేట. ట్యాంకు పనీ అంతే. అడుగున మడ్డి, పైన జిడ్డు తెట్టు. మధ్యలో ఉన్న తేట మాత్రమే బయటికి పోవాలి. అలా తేరాలంటే నీళ్లు లోపల కనీసం ఒక రోజైనా నిలబడాలి. అందుకే రెండు గదులు కడతాం, మొదటిది పెద్దది, మొత్తంలో మూడింట రెండు వంతులు. వచ్చే పైపుకీ పోయే పైపుకీ టీలు, అంటే T ఆకారపు పైపు ముక్కలు, పెట్టేదీ అందుకే. వచ్చే వైపు టీ కాలు నీటి మట్టానికి అడుగు కిందికి దిగాలి, వచ్చిన నీరు తెట్టును కొట్టి చెదరగొట్టకుండా. పోయే వైపు కాలు నీటి లోతులో మూడో వంతు దాకా దిగాలి, తేట ఉన్న చోట నుంచి తీసుకునేలా. రెండు టీల పై మూతీ తెరిచే ఉంచాలి. వచ్చే పైపు, పోయే పైపు కంటే 5 నుంచి 7.5 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి.

నేను సొంతంగా పనులు పట్టిన రెండో ఏడాది ఒకచోట బయటి టీ తగ్గింది. ఒకే ఒక్క టీ. చీకటి పడుతోంది, మర్నాడు పైన స్లాబు వేయాలి. మామూలు పైపు ముక్క పెట్టి కానిచ్చేశాను. పద్నాలుగు నెలలకు ఇంకుడు గుంత నిండి పైకి పొంగింది. తవ్వి చూస్తే ప్రతి కంకర రాయికీ నల్లటి జిగురు. వేలితో తీస్తే గ్రీజులా సాగింది. పైన తేలే తెట్టంతా ఆ పైపులోంచి నేరుగా గుంతలోకి పోయిందన్నమాట. ట్యాంకులో మడ్డి నిండితే ట్యాంకరు పిలిచి తీయించొచ్చు. మట్టి రంధ్రాల్లోకి పోయిన జిడ్డును ఎవడు తీస్తాడు? వేరే చోట కొత్త గుంత తవ్వాల్సి వచ్చింది, నా ఖర్చుతో.

ఇప్పుడు వాలు. నాలుగంగుళాల పైపుకు మీటరుకు 2 సెంటీమీటర్లు దించు. కళ్లను నమ్మొద్దు, నా కళ్లు కూడా మోసం చేశాయి. మీటరు పొడవు స్పిరిట్ లెవెల్ తీసుకుని, పల్లం వైపు చివరన కింద 2 సెంటీమీటర్ల మందం కట్టె ముక్క కట్టు. అలా పైపు మీద పెట్టినప్పుడు బుడగ మధ్యలో నిలిస్తే వాలు సరిపోయినట్టే. మరీ ఎక్కువ వాలు పెట్టినా మంచిది కాదు. నీరు దూకుతూ వచ్చి ట్యాంకులో తేరుకున్నదాన్ని కలిపేస్తుంది.

ఇంకుడు గుంతకు మట్టిని అడగాలి. గుంత అడుగు ఎంత లోతున వస్తుందో అంత లోతుకు చిన్న గొయ్యి తీసి, నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వు. ఎండిన మట్టి మొదట్లో గటగటా తాగేస్తుంది, అది లెక్క కాదు. మర్నాడు మళ్లీ ఒక జానెడు నీళ్లు పోసి, స్కేలు గుచ్చి, 2.5 సెంటీమీటర్లు తగ్గడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడు. ఎంత ఆలస్యమైతే నీరు ఇంకే గుంత గోడ అంత ఎక్కువ కావాలి, అంటే గుంత అంత పెద్దది తవ్వాలి. అరగంట దాటిందంటే మామూలు ఇంకుడు గుంత ఆ నేలలో పనిచేయదు, వేరే పద్ధతి చూడాలి. నిమిషంలో మాయమైనా సంబరపడొద్దు, శుభ్రపడకుండానే ఊట నీటిలో కలుస్తుంది. తవ్వుతుంటే ఊట తగిలిందా, అక్కడ ఇంకుడు గుంత మాటే మర్చిపో. బావికీ బోరుకీ ఎంత దూరం ఉండాలన్నది మీ దగ్గరి నిబంధన చూసుకో, నేనైతే 30 మీటర్లకు తగ్గను.

బంకమట్టిని తడిగా ఉన్నప్పుడు తవ్వొద్దు. జేసీబీ బకెట్ గోడను రాసుకుంటూ పోతే గచ్చు చేసినట్టు నున్నగా మెరుస్తుంది. ఇంటివాళ్లు చూసి "భలే నీటుగా తవ్వారే" అంటారు కూడా. ఆ మెరుపంటే మట్టి రంధ్రాలన్నీ మూసుకుపోయాయని. గునపం మొనతో గీకి గరుకు చేశాకే కంకర పోయాలి. కంకర కూడా కడిగింది కావాలి, దుమ్ముతో పోస్తే ఆ దుమ్మే అడుగున పేరుకుని మళ్లీ మూసేస్తుంది.

తొందర:

ఇంత గొడవెందుకు బ్రో. రెడీమేడ్ ప్లాస్టిక్ ట్యాంకు తెచ్చి గుంతలో దించితే అయిపోతుంది. మేస్త్రీతో పనే లేదు.

గుంతల మేస్త్రీ:

తొందర గారూ, ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకును గుంతలో దించి వదిలేస్తే వాన పడిన రాత్రి పడవలా తేలుతుంది. నా కళ్లతో చూశాను, రెండు పైపులూ విరిచేసుకుని పైకి వచ్చి కూర్చుంది. కింద ఇసుక పరుపు మట్టంగా వేయాలి. చుట్టూ ఇసుక పోస్తూ, అదే ఎత్తుకు లోపల నీళ్లు నింపుతూ పోవాలి, లేకపోతే గోడలు లోపలికి నొక్కుకుపోతాయి. రాళ్లున్న మట్టితో పూడ్చకూడదు. పని తగ్గదు, మారుతుందంతే.

కొత్త పారకు ఇంకొకటి. మేం కట్టిన ట్యాంకయినా, కొన్నదయినా, పూడ్చే ముందు బయటి పైపు దాకా నీళ్లు నింపి సుద్దతో గీత పెడతాను. కొత్త కాంక్రీటు మొదటి రోజు కాస్త తాగుతుంది. అందుకని మళ్లీ గీత దాకా నింపి, ఇంకో రోజు ఆగి చూస్తాను. నీళ్లు గీత కిందికి దిగాయంటే ఎక్కడో కారుతోందని అర్థం. ఇంటివాళ్లు కంగారు పెడతారు, పెట్టనీ.

ట్యాంకరు డ్రైవరు:

నేను మడ్డి తీసే బండి నడుపుతాను. మీరందరూ కట్టి వెళ్లిపోయాక వచ్చేది నేనే కాబట్టి నా గోడు వినండి. మూత ఎక్కడండీ అంటే ఇంటాయన టైల్స్ చూపిస్తాడు! దయచేసి రెండు గదులకూ మూతలు పెట్టండి, టీలకు సరిగ్గా పైన, నేల మట్టానికి తెలిసేలా. మడ్డి, తెట్టు కలిసి లోతులో మూడో వంతు దాటాయంటే నన్ను పిలవాల్సిందే. మూత దొరకనివాళ్లు పిలవరు, పొంగాక పిలుస్తారు.

కొత్త పార తమ్ముడూ, ఒక్క విషయం మీ మేస్త్రీ చెప్పినా వినకు. వాడిన ట్యాంకులోకి దిగమంటే దిగొద్దు. "రాత్రంతా మూత తీసే ఉంచాం" అన్నా వద్దు. కుళ్లిన గుడ్ల వాసన వేసే ఆ వాయువు మోతాదు పెరిగితే ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన తగ్గిందని దిగినవాడు పడిపోతాడు, వాణ్ణి తీయబోయి రెండోవాడు. గుంత తవ్వేటప్పుడు కూడా అంతే, ఒకటిన్నర మీటరు దాటితే గోడలకు ఊతం పెట్టించుకున్నాకే లోపల నిలబడు.

కొత్త పార:

అందరికీ చాలా థాంక్స్. అన్నా, మీరు చెప్పినట్టు కట్టె ముక్క కోసి లెవెల్‌కు రబ్బరుతో కట్టుకుని వెళ్లాను. మేస్త్రీ చూసి నవ్వాడు. మధ్యాహ్నం ఆయన పడుకున్నప్పుడు, పొద్దున వేసిన పైపు మీద పెట్టి చూశా. మూడు చోట్ల సరిగ్గా ఉంది, నాలుగో చోట బుడగ ఒక పక్కకి పోయింది. లేచాక చూపించాను. ఏమీ మాట్లాడలేదు. మోకాళ్ల మీద కూర్చుని, పైపు లేపి, కింద ఇసుక సర్ది మళ్లీ బుడగ చూశాడు. ట్యాంకు పక్కన పైపు కింద ఈసారి దిమ్మిస నేనే కొట్టాను, జానెడు జానెడు మట్టి పోస్తూ. "ఎంతసేపు కొడతావురా" అని ఒకసారి అరిచాడు గానీ ఆపమనలేదు.

నీళ్లు నింపి గీత పెడదామన్న మాట ఇంకా ఎత్తలేదు, దానికి కాస్త ధైర్యం కావాలి. కట్టె ముక్క మాత్రం సాయంత్రం ఆయన జేబులో కనిపించింది. రేపు ఇంకొకటి కోసుకోవాలి.